దుర్యోధనుడికి వన్స్‌మోర్

రాయబార ఘట్టంలో దుర్యోధనుడు మాట్లాడేది అధర్మమని, చివరికి తొడలు విరిగి నేలకూలడమే అతడికి రాసిపెట్టి ఉందని తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు; అయినా పౌరాణిక నాటకాల రాత్రుల్లో ఆ పాత్రధారి మీసం దువ్వి పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ అని కేకలు వేసినవాళ్లూ ఆ ప్రేక్షకులే. 1977 జనవరి 14న విడుదలైన ‘దానవీరశూర కర్ణ’లో ఎన్.టి. రామారావు కర్ణుడిగా, కృష్ణుడిగా, దుర్యోధనుడిగా మూడు వేషాలు కట్టి దర్శకత్వం కూడా తానే వహించారు. పేరు కర్ణుడిది, ధర్మం కృష్ణుడిది అయిన ఆ నాలుగు గంటల సినిమా నుంచి జనం ఎక్కువగా కంఠస్థం చేసుకున్నది మాత్రం కొండవీటి వెంకటకవి సుయోధనుడికి రాసిన సంభాషణలనే. పండగ పందిళ్లలో మైకుల్లో మోగినవి, బడి వార్షికోత్సవాల్లో అట్టగద భుజాన పెట్టుకున్న పిల్లలు ఏకపాత్రాభినయంగా అప్పజెప్పినవి ఆ మాటలే.

దీన్ని అభిమాన నటుడి మీది మోజుగా కొట్టిపారేయడం తేలిక గానీ, అదే నటుడు అదే సినిమాలో కృష్ణుడిగానూ కనిపించాడు కాబట్టి ఆ వాదన ఎంతో దూరం నడవదు. తప్పు చేసే పాత్రలు మనసుకు ఎందుకు దగ్గరవుతాయన్నది పాత ప్రశ్నే. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ విషాదాంత నాటకాన్ని చర్చిస్తూ, పూర్తిగా సచ్చరిత్రుడైనవాడు పతనమైతే చూసేవారికి రోత పుడుతుందని, పరమ దుర్మార్గుడు పతనమైతే జాలి పుట్టదని, అందుచేత ఈ రెంటికీ నడుమ నిలిచి ఏదో ఒక పొరపాటు వల్ల కూలిపోయేవాడే అటువంటి నాటకానికి తగిన నాయకుడని తేల్చాడు. భారతీయ అలంకారికులు ఇదే విషయాన్ని మరో వైపు నుంచి పట్టుకున్నారు. పదో శతాబ్దికి చెందిన ధనంజయుడు ‘దశరూపకం’లో ప్రతినాయకుణ్ణి, అంటే నాయకుడి లక్ష్యానికి అడ్డు నిలిచే పాత్రను, నిర్వచిస్తూ అతడు లోభి, మొండివాడు, పాపానికి వెనుదీయనివాడు, వ్యసనపరుడు అని చెప్పి, ఆ దుర్గుణాల నడుమనే ధీరోద్ధతుడు అనే మాటను కూడా చేర్చాడు, ధైర్యం నిండుగా ఉండి, ఆ ధైర్యంతో విర్రవీగేవాడని దాని అర్థం. వ్యాఖ్యాత ధనికుడు ఇందుకు చూపిన ఉదాహరణలు రెండే: రాముడికి రావణుడు, ధర్మరాజుకు దుర్యోధనుడు. తెలుగు వెండితెర మీద ఎన్.టి. రామారావు పదే పదే కోరి వేసిన రెండు ప్రతినాయక వేషాలూ ఇవే కావడం విశేషం.

అయితే లక్షణం చెప్పినంత మాత్రాన ఆకర్షణకు కారణం తెలియదు. దానికి భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు తనదైన రీతిలో విస్తరించిన సాధారణీకరణం అనే భావన కొంత తోడ్పడుతుంది. రంగం మీద కనిపించే కోపం గాని, ప్రేమ గాని ఫలానా వ్యక్తి సొంతమన్న పరిమితిని విడిచి అందరూ అనుభవించగల భావంగా మారడమే సాధారణీకరణం. నిజజీవితంలో పక్కింటివాడి అహంకారం చూసేవాడికి చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే దాని వల్ల తనకు నష్టమో అవమానమో ఉంటుంది. రంగం మీది దుర్యోధనుడి అహంకారం వల్ల ప్రేక్షకుడి పొలం గట్టు అంగుళమైనా జరగదు, అందుచేత ఆ అహంకారంలోని ఠీవిని, వేగాన్ని, దాని కింద దాగిన భయాన్ని సైతం అతడు నిశ్చింతగా ఆస్వాదించగలడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇది కీచకుడికీ వర్తిస్తుంది, కంసుడికీ వర్తిస్తుంది. ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావు కీచకుణ్ణి మెచ్చుకున్నవారు ఆ నటనను మెచ్చుకున్నారు తప్ప కీచకుడి పక్షాన నిలబడలేదు. దుర్యోధనుడి పక్షాన, అంతకుమించి కర్ణుడి పక్షాన, వాదించేవాళ్లు మాత్రం ఊరికి పదిమంది ఉంటారు. ఈ తేడాకు మూలం ఆ ఇద్దరిలో ఏ ఒక్కరిలోనూ లేదు, ఇద్దరి మధ్య ఉన్న స్నేహంలో ఉంది.

ఆ స్నేహం మొదలైన తీరును ఆదిపర్వం విపులంగా చెబుతుంది. రాకుమారులు తాము నేర్చిన అస్త్రవిద్యను హస్తినాపుర ప్రజల ముందు ప్రదర్శిస్తున్న వేళ, అర్జునుడు చేసినవన్నీ తానూ చేస్తానంటూ కర్ణుడు రంగంలోకి వచ్చి, చేసి చూపించి, ద్వంద్వయుద్ధం కోరినప్పుడు కృపాచార్యుడు అడ్డుపడి, రాజకుమారుడు తన సాటివాడితోనే పోరాడతాడు గనుక ముందు నీ తల్లిదండ్రులెవరో, నీ వంశమేదో చెప్పమంటాడు. కర్ణుడి వద్ద జవాబు లేదు. దుర్యోధనుడు అక్కడికక్కడే అతడికి అంగరాజ్యాభిషేకం చేయిస్తాడు. దీనికి బదులు ఏమివ్వాలని కర్ణుడు అడిగితే, తనకు కావలసింది చెలిమి మాత్రమేనంటాడు. అంతలో సూతుడైన అధిరథుడు కర్ర ఊతగా వణుకుతూ రంగంలోకి వస్తాడు, అభిషేక జలంతో తడిసిన తలను ఆరకముందే కర్ణుడు ఆ పెంపుడు తండ్రి పాదాల మీద ఉంచుతాడు. అది చూసిన భీముడు, నీకు విల్లెందుకు, కులానికి తగ్గట్టు గుర్రాలు తోలే కొరడా పట్టుకోమని ఎగతాళి చేస్తాడు. అప్పుడు దుర్యోధనుడు లేచి, శూరుల పుట్టుకనూ నదుల పుట్టుకనూ వెతకడం పనికిరాదని, ద్రోణుడు కుండలో పుట్టాడని, కృపుడు రెల్లుపొదలో పుట్టాడని గుర్తు చేస్తాడు. ఇదే ఘట్టానికి వెంకటకవి రాసిన సంభాషణ సినిమా హాళ్లను దద్దరిల్లజేసిన మాట నిజమే గానీ, ఆ వాదన విత్తనం వ్యాసుడిలోనే ఉంది.

ఈ ఘట్టంలో ధర్మపక్షంగా పేరుపడినవాళ్లు ఒక మనిషిని పుట్టుక అడిగి అవమానిస్తుంటే, అధర్మపక్షంగా పేరుపడినవాడు అతడి భుజం మీద చెయ్యి వేశాడు. వినేవాడి న్యాయబుద్ధి ఇక్కడే మొదటిసారి తడబడుతుంది. అలాగని దుర్యోధనుణ్ణి ఉదారుడిగా నిలబెట్టడానికి వ్యాసుడు అవకాశం ఇవ్వడు; కర్ణుడు దొరకడంతో అర్జునుడి వల్ల తనకున్న భయం తీరిపోయిందని దుర్యోధనుడు భావించినట్టు ఆ ఘట్టం ముగింపులోనే చెబుతాడు. కాబట్టి ఆ కిరీటం వెనుక అభిమానమూ ఉంది, అవసరమూ ఉంది. ఏది ఎంత పాళ్లో కథ ఎక్కడా విడదీసి చూపదు, బహుశా దుర్యోధనుడికీ తెలిసి ఉండదు. లోకంలో మనుషుల మధ్య నడిచే స్నేహాలు చాలావరకు ఇటువంటివే. అవసరం తీరాక కూడా మిగిలేదే స్నేహమని పెద్దలు అంటారు గానీ, ఈ ఇద్దరి విషయంలో అవసరం చివరిదాకా తీరనే లేదు.

ఇక ఆ చెలిమి కర్ణుడి చేత ఏమేమి చేయించిందో సభాపర్వం చెబుతుంది. జూదంలో ఓడిన ద్రౌపదిని కొలువులోకి ఈడ్చుకొచ్చినప్పుడు, కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు ఇది అన్యాయమని లేచి నిలబడితే, అతణ్ణి మందలించి కూర్చోబెట్టినవాడు కర్ణుడు. అయిదుగురు భర్తలున్న స్త్రీని కులస్త్రీగా లెక్కించనక్కర లేదన్నవాడు, పాండవుల వస్త్రాలతో పాటు ఆమె వస్త్రాన్నీ తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పినవాడు కూడా అతడే. కర్ణాభిమానులు సాధారణంగా ఈ పుటను త్వరగా తిప్పేస్తారు. నిండు సభలో పుట్టుక పేరిట అవమానం పొందినవాడు మరో నిండు సభలో ఒక స్త్రీని అవమానించడానికి నోరు కలిపాడన్నది ఆ పాత్ర మీద పడిన అన్నిటికంటే చిక్కని మచ్చ.

ఈ రెండు సభలకు బదులు చెప్పే ఘట్టం ఉద్యోగపర్వంలో వస్తుంది. మహాభారతం తెలుగు చేసిన ముగ్గురు కవుల్లో ఆ భాగం తిక్కన పాలబడడం తెలుగువారి అదృష్టం, ఎందుకంటే మాటలోనే మనిషిని చూపగల నేర్పు అతడి సొత్తు. రాయబారం విఫలమై తిరిగి వెళుతూ కృష్ణుడు కర్ణుణ్ణి తన రథం మీద ఎక్కించుకుని, అతడు కుంతికి కన్యాత్వంలో పుట్టిన కొడుకని, శాస్త్రం ప్రకారం పాండురాజు కుమారుడిగానే లెక్కకు వస్తాడని, వస్తే రాజ్యం అతడిదేనని, అయిదుగురు తమ్ముళ్లూ కాళ్లకు మొక్కుతారని చెబుతాడు. కర్ణుడు కాదంటాడు. చెప్పిన కారణాల్లో మొదట వచ్చేది రాధ. దొరికిన బిడ్డను చూడగానే ఆమె రొమ్ము చేపిందని, తన మలమూత్రాలు ఎత్తిన తల్లిని విడవలేనని, సూతుల ఇంటి సంబంధాలు చేసుకుని బిడ్డల్ని కన్నానని, పదమూడేళ్లుగా దుర్యోధనుడి వల్ల రాజ్యం అనుభవించానని, తనను నమ్ముకునే అతడు యుద్ధానికి కాలు దువ్వాడని అంటాడు. పిమ్మట ఒక విచిత్రమైన కోరిక కోరతాడు: ఈ జన్మరహస్యం ధర్మరాజుకు తెలియనివ్వవద్దు, తెలిస్తే అతడు రాజ్యం తీసుకోడు, తనకే ఇస్తాడు, తన చేతికొస్తే తాను దుర్యోధనుడికి ఇచ్చేస్తాడు, రాజ్యానికి అసలు తగినవాడు ధర్మరాజే గనుక అలా జరగకూడదు. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను ఆడిన పరుషవాక్యాలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కూడా అదే సంభాషణలో ఒప్పుకుంటాడు. తన కలలో ధర్మరాజు వేయిస్తంభాల మేడ ఎక్కడం చూశానని, గెలుపు అటువైపేనని తనకు తెలుసునని చెప్పి, కృష్ణుణ్ణి కౌగిలించుకుని రథం దిగి వెళ్లిపోతాడు.

ఏది న్యాయమో తెలియక తప్పుచేసినవాణ్ణి క్షమించడం వేరు, ఇతడి సంగతి వేరు. ఎవరు అర్హులో తెలుసు, ఎవరు గెలుస్తారో తెలుసు, తాను ఎక్కడ తప్పాడో తెలుసు, అయినా అన్నం పెట్టినవాణ్ణి యుద్ధం ముంగిట వదలలేడు. కృతజ్ఞత లోకం మెచ్చే గుణం; ఆ గుణమే ఇక్కడ అధర్మానికి ఆయుధమైంది. కర్ణుణ్ణి ప్రేమించేవాళ్లు అతడి దోషాన్ని ప్రేమిస్తారనడం సరికాదు, దోషాన్ని దాటి గుణాన్ని చూస్తారనడమూ సరికాదు. అతడిలోని దోషం నుంచి గుణాన్ని విడదీయడం సాధ్యం కాకపోవడమే వాళ్లను పట్టి నిలుపుతుంది. విశ్వాసాన్ని తీసేస్తే పాపం పోతుంది గానీ కర్ణుడూ పోతాడు. తప్పొప్పుల పాత్రలు, చిక్కుముడి స్నేహాలు అభిమానుల మనసులో జంటగానే ఎందుకు నివసిస్తాయన్నదానికి సమాధానం ఇక్కడ దొరుకుతుంది: స్నేహం లేని దుర్యోధనుడు మరో కంసుడు, స్నేహం లేని కర్ణుడు సభలో నోరు జారిన ఒక విలుకాడు.

కథ ఎవరి పక్కన కూర్చోబెడితే వినేవాడు అటే మొగ్గుతాడన్నది దీనికి తోడు పనిచేసే మరో సూత్రం. బ్రిటన్‌కు చెందిన సినిమా పండితుడు మరే స్మిత్ 1995లో వెలువరించిన గ్రంథంలో ప్రేక్షకుడికీ పాత్రకూ మధ్య బంధాన్ని మూడు మెట్లుగా వివరించాడు: పాత్రను ఒక మనిషిగా పోల్చుకోవడం మొదటిది, ఆ పాత్ర వెంట నడుస్తూ దానికి తెలిసినవీ తోచినవీ తెలుసుకోవడం రెండోది, ఆ పాత్ర విలువలను తూచి దాని పక్షం వహించడం మూడోది. రెండో మెట్టు మీద ఎక్కువసేపు నిలబెట్టిన కథ మూడో మెట్టుకు దారి సుగమం చేస్తుంది. ఈ కిటుకు పూర్వకవులకు బాగా తెలుసు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో కేరళలో వెలుగుచూసి, భాసుడివిగా ప్రసిద్ధి చెందిన సంస్కృత నాటకాల్లో ‘ఊరుభంగం’ తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడి వద్దనే సాగుతుంది. ఎప్పటిలా తండ్రి ఒడిలో కూర్చోబోయిన పసివాణ్ణి దుర్యోధనుడు వారించవలసి వచ్చే చోట, అతడు చేసిన పనుల చిట్టా విప్పేంత కఠినుడు ప్రేక్షకుల్లో ఉండడు.

తెలుగు నేలకు మరీ దగ్గరి ఉదాహరణ పంపడిది. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్య అరికేసరి కొలువులో, నన్నయకు దాదాపు నూరేళ్ల ముందు, ఈ కన్నడ మహాకవి ‘విక్రమార్జున విజయం’ రచించాడు. తన ప్రభువును అర్జునుడితో అభేదంగా చూపడం ఆ కావ్యం ఉద్దేశం, పేరే అందుకు సాక్ష్యం. అయినా కావ్యాంతంలో భారతవీరులను ఒక్కొక్క గుణానికి తలచుకుంటూ పట్టుదలకు దుర్యోధనుణ్ణి, సత్యానికి కర్ణుణ్ణి నిలిపాడు; కర్ణుడి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆ కలం తడి దాచుకోలేదని కన్నడ విమర్శకులు ఎప్పుడో గుర్తించారు. అర్జునుడి పేరున జీతం పుచ్చుకుంటూ కర్ణుడికి మనసిచ్చిన కవి అని పంపణ్ణి అంటే పెద్ద తప్పు కాదు.

అభిమానం ముదిరితే పక్షం వహించడంతో ఆగదు, కొత్త కథలు కల్పిస్తుంది. స్వయంవరంలో ద్రౌపది సూతపుత్రుణ్ణి వరించనని కర్ణుణ్ణి అవమానించిందని, అందుకే సభలో అతడు అలా మాట్లాడాడని చాలామంది నమ్ముతారు. పుణెలోని భండార్కర్ సంస్థ ఎన్నో రాతప్రతులు పోల్చి సిద్ధం చేసిన సంశోధిత ప్రతి ఆ తిరస్కారాన్ని ప్రక్షిప్తంగా, అంటే తరవాతివాళ్లు చేర్చినదిగా, పక్కనపెట్టింది. మయసభలో దుర్యోధనుడు జారిపడినప్పుడు గుడ్డివాడి కొడుకు గుడ్డివాడేనని ద్రౌపది నవ్విందన్న మాట కూడా వ్యాసుడిది కాదు. 1966 నాటి ‘శ్రీకృష్ణ పాండవీయం’లో శకుని కౌరవుల మీద కుటుంబ పగతోనే పాచికలు పట్టాడన్న కథ కనిపిస్తుంది, అదీ మూలంలో లేనిదే. ప్రేమించిన పాత్ర చేసిన తప్పుకు కారణం దొరికేదాకా అభిమానికి నిద్ర పట్టదు, లేకపోతే తానే పుట్టిస్తాడు. ఈ కల్పనలకు కథాశిల్పం దృష్ట్యా విలువ లేకపోలేదు. కానీ మొదటి రెండు సందర్భాల్లోనూ నేరం మగవాడి భుజం మీంచి దిగి ఒక స్త్రీ నోటి మీదికి చేరడం గమనించదగినది.

అదే కల్పనాశక్తి ఒక అపురూపమైన ఘట్టాన్నీ ఇచ్చింది. కర్ణుడు దుర్యోధనుడి భార్య భానుమతితో ఆటలో ఉండగా ఆమె లేవబోతే, ఓటమికి జంకి పోతోందనుకుని కొంగో హారమో పట్టి లాగుతాడు, ముత్యాలు నేల మీద చెదిరిపోతాయి, సరిగ్గా అప్పుడు దుర్యోధనుడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. అతడు అనుమానించకపోగా, ముత్యాలు ఏరిపెట్టనా, గుచ్చిపెట్టనా అని అడుగుతాడు. వ్యాసభారతంలో లేని ఈ కథ దక్షిణాదిన జనశ్రుతిలో పెరిగింది, 1964లో శివాజీ గణేశన్ కర్ణుడిగా, ఎన్.టి. రామారావు కృష్ణుడిగా నటించిన తమిళ చిత్రం ‘కర్ణన్’ ద్వారా మరింత వ్యాపించింది. నిండు కొలువులో పరస్త్రీ కొంగు లాగించినవాడే అంతఃపురంలో మిత్రుడి చేతిలో భార్య కొంగు చూసి చలించలేదట. ఈ వైరుధ్యాన్ని ఊహించిన అజ్ఞాత కథకుడు మనస్తత్వం బాగా ఎరిగినవాడు: దుర్యోధనుడి నమ్మకం ఎంత గొప్పదో చూపుతూనే, ఆ నమ్మకం ఒక్క మనిషికే పరిమితమైన సంగతినీ చెప్పకనే చెప్పాడు.

అభిమాని తనలోని ఛాయనే ప్రతినాయకుడిలో చూసుకుంటాడన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది. అమెరికాలో రెబెకా క్రాస్, డెరెక్ రకర్ అనే పరిశోధకులు 2020లో ప్రకటించిన అధ్యయనంలో, తమ స్వభావంతో పోలికలున్న ప్రతినాయకుల వైపే జనం ఎక్కువగా మొగ్గుతున్నట్టు తేలింది. తనను పోలిన చెడ్డవాడు నిజంగా ఎదురైతే మనిషి ముఖం తిప్పుకుంటాడు, అతడి పక్కన తన పేరు చెడుతుందని జంకుతాడు. కథలో ఆ జంకు లేదు కనుక తనలోని చీకటి మూలను భయం లేకుండా తొంగిచూస్తాడన్నది వారి వివరణ. పొలం గట్టు జరగని నిశ్చింత గురించి భట్టనాయకుడు ఇచ్చిన భావనకూ దీనికీ పెద్దగా దూరం లేదు.

ఠీవి గాని, విషాదం గాని ఏమాత్రం లేకుండా తెలుగువారి మనసు దోచిన దోషి ఒకడున్నాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరిగి వెలువడిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశం చేయని వెధవపని అరుదు. పూటకూళ్లమ్మ డబ్బు కాజేస్తాడు, ఆమె చీపురు పట్టుకుని వస్తే మధురవాణి మంచం కిందకు దూరతాడు, ఆ మంచం కింద అప్పటికే రామప్పపంతులు నక్కి ఉంటాడు. ఊరు విడిచి పారిపోవడానికి శిష్యుడు వెంకటేశాన్ని అడ్డుపెట్టుకుని, చదువు చెప్పే మిషతో వాళ్ల అగ్రహారం చేరి, వితంతువైన వాళ్లక్క బుచ్చమ్మకు సంస్కరణ పేరుతో వల వేస్తాడు. గిరీశం, వెంకటేశాల జోడీ గురుశిష్య సంబంధానికి వెక్కిరింతే, అయినా అందులో ఒక నిజమైన చనువు ఉంది: పరీక్ష తప్పిన కుర్రవాడికి ఇంట్లో దొరకని గౌరవం ఆ దగాకోరు దగ్గర దొరుకుతుంది, చుట్ట కాల్చడం తప్ప మరేమీ నేర్పని ఆ గురువుకు తన ఇంగ్లీషు ముక్కలను నోరు తెరుచుకుని వినే శ్రోత దొరుకుతాడు. గిరీశం ఆకర్షణ అంతా నాలుక మీద ఉంది. ఏ ఇరకాటంలోనైనా ఒక వాక్యంతో బయటపడగల నేర్పు ఎవరికి చేదు? అయితే గురజాడ అతడికి ముద్దు ఎంత చేశాడో లెక్క కూడా అంత కచ్చితంగా చూశాడు. చివరి అంకంలో సౌజన్యారావు పంతులు అతణ్ణి గెంటేస్తాడు, బుచ్చమ్మ పుణె వితంతు శరణాలయం దారి పడుతుంది. జనం మాత్రం గిరీశాన్ని గెంటలేదు. అతడి ఆఖరి మాట నేటికీ సామెతగా చలామణిలో ఉంది, ముళ్లపూడి వెంకటరమణ అతణ్ణి సినిమా లోకంలోకి దింపి ‘గిరీశం లెక్చర్లు’ ఇప్పించాడు.

అదే నాటకంలో నిజంగా సంక్లిష్టమైన మనసు మధురవాణిది. వేశ్యావృత్తిలో ఉండి, పాత పరిచయం కొద్దీ బుచ్చమ్మ మేనమామ కరటకశాస్త్రికి మాట సాయం చేసి, ఒక చిన్నపిల్లను ముసలివాడి పెళ్లి నుంచి తప్పించడానికి తన ప్రస్తుత పోషకుడైన రామప్పపంతుల్నే బురిడీ కొట్టించే ఆమె, అబద్ధాలతోనే న్యాయం జరిపిస్తుంది. గిరీశానికి దక్కినంత తేలిక క్షమ ఇటువంటి స్త్రీ పాత్రలకు తెలుగు కథల్లో దక్కడం అరుదు. మగవాడి తప్పుకు వెనుకకథ వెతికే సమాజం కైకకు గాని, శూర్పణఖకు గాని ఆ శ్రమ తీసుకోలేదు. ఈ లోటు రచయిత్రి ఓల్గాకు తెలుసు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ‘విముక్త’ కథల్లో అడవిలో ఉన్న సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ఒకే పురుషుడి కారణంగా గాయపడిన ఇద్దరు స్త్రీలు, శత్రువులుగా లోకానికి తెలిసినవాళ్లు, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. కర్ణ దుర్యోధనుల చెలిమికి దీటుగా తెలుగులో ఏదైనా స్త్రీల స్నేహం చెప్పుకోవలసి వస్తే ఇది ముందు వరసలో ఉంటుంది.

ఇటీవలి తెలుగు సినిమా ఈ పాత ముడిసరుకునే మళ్లీ నేస్తోంది. 2021లో వచ్చిన ‘పుష్ప’లో ఎర్రచందనం దొంగరవాణా చేసే కూలీకి తండ్రి ఇంటిపేరు దక్కదు, నిశ్చితార్థం నాడు నలుగురిలో ఆ సంగతి ఎత్తి తల్లిని అవమానిస్తారు, కృపాచార్యుడు అడిగిన ప్రశ్నే ఇక్కడ శేషాచలం యాసలో వినిపిస్తుంది. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నారు, తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’లో డబ్బు కోసం ఎవరినైనా పట్టి ఇచ్చే భైరవ చివరికి కర్ణుడని తెలిసేసరికి హాళ్లు హోరెత్తాయి. ‘ఆర్ఆర్ఆర్’లో పోలీసైన రామరాజు ప్రాణమిత్రుడు భీమ్‌ను జనం ముందు కొరడాతో కొడతాడు, ఆ దెబ్బల సన్నివేశం సినిమాకు గుండెకాయ, కానీ ఇద్దరి గమ్యమూ ఒకటేనని తేలిపోవడంతో ముడి విడిపోతుంది, కొట్టినవాడి పాపం అక్కడే కడుక్కుపోతుంది. కర్ణుడికి ఆ వెసులుబాటు లేదు, ఆ కథ గొప్పదనం ఆ లేమిలోనే ఉంది.

ఈ దృష్టితో చూస్తే అభిమానం వల్ల పాత్రకు జరిగే హాని కూడా కనిపిస్తుంది. దానాలు, శాపాలు, కవచకుండలాలు మిగిల్చి సభాపర్వాన్ని చెరిపేసిన కర్ణుడు జాలిపడదగిన మంచివాడు మాత్రమే. అటువంటివాడు ఏ కథలోనైనా దొరుకుతాడు. ద్రౌపది సభలో అతడు ఆడిన మాటలు గుర్తున్నవాడికే కృష్ణుడి రథం మీద అతడు పడిన పశ్చాత్తాపం బరువు తెలుస్తుంది. కర్ణుణ్ణి అభిమానించేవారు ఆ రెండు ఘట్టాలను, సభాపర్వంలోది నన్నయ వద్ద, ఉద్యోగపర్వంలోది తిక్కన వద్ద, వెంటవెంటనే చదవాలి. పద్యం కొరుకుడు పడనివారి కోసం తిరుమల తిరుపతి దేవస్థానం టీకాతాత్పర్యాలతో ప్రచురించిన కవిత్రయ భారతం ఉంది.